క్యాడీ కథానాయకుడైతే: గోల్ఫ్ మైదానంలో రెండో బతుకు మీద నవల రాయడం ఎలా

ఉన్న పని పోయి, నడివయసులో మళ్లీ మొదలెట్టాల్సి వచ్చినవాళ్లు మన ఉత్తరాంధ్రలో ఏ ఊరెళ్లినా కనిపిస్తారు. గేటుకి లాకౌట్ నోటీసు చూసి వెనక్కి తిరిగిన విజయనగరం జిల్లా జూట్ మిల్లు కార్మికుడు ఒకరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి కొబ్బరి చెట్లూ జీడితోటా పోగొట్టుకున్న ఉద్దానం రైతు ఒకరు. గుజరాత్‌లోని వేరావల్‌లో బోట్ల మీద పని చేసి, ఒళ్లు సహకరించక ఇంటికొచ్చేసిన శ్రీకాకుళం తీరం మత్స్యకారుడు ఇంకొకరు. వీళ్ల గురించి మనవాళ్లు రాశారు, ఇంకా రాయాల్సింది చాలా ఉంది. అలాంటి ఒక మనిషిని విశాఖలో గోల్ఫ్ మైదానానికి తీసుకెళ్లి, భుజానికి ఇంకొకరి బ్యాగ్ తగిలించి క్యాడీని చేస్తే నవలకి మంచి సరుకు దొరుకుతుందని నా గట్టి నమ్మకం. అది ఎలా రాయాలో ఇక్కడ వరసగా చెప్తాను.

గోల్ఫే ఎందుకంటే, క్యాడీ పనిలో ఒక విచిత్రం ఉంది. అతనికి దూరం తెలుసు, గాలి తెలుసు, గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ఎటు వాలిందో తెలుసు, తన ఆటగాడికి ఏ దెబ్బ వస్తుందో ఏది రాదో తెలుసు. బంతిని కొట్టడం మాత్రం అతని చేతిలో లేదు. చెప్పొచ్చు, చెప్పకుండా ఊరుకోవచ్చు. అతని పనితనమంతా ఆ రెండిటి మధ్యే ఉంటుంది. ఒకప్పుడు తను తీసుకున్న నిర్ణయం వల్ల ఇల్లు దెబ్బతిన్న మనిషిని ఈ పనిలో పెట్టి చూడండి. ఇప్పుడు చెప్పాలా, ఊరుకోవాలా అన్న ప్రశ్న అతనికి ప్రతి హోల్ దగ్గరా (బంతిని దింపాల్సిన గుంటకీ, దాని దాకా ఆడే మేరకీ ఇదే పేరు) ఎదురవుతుంది. ఇంటికెళ్లాక కూడా ఎదురవుతుంది. నవలంతా ఆ ప్రశ్న మీదే నడిపించండి.

1. ముందు ఏం పోయిందో లెక్క రాసుకోండి

“అతను జీవితంలో ఓడిపోయాడు” అని మొదలెడితే నవల పదో పేజీలో ఆగిపోతుంది. ఓటమిని రూపాయల్లో, ఒంట్లో, ఇంట్లో విడివిడిగా రాసుకోవాలి. అప్పు ఎంత, ఎవరి దగ్గర, వడ్డీ ఎంత? ఏ నొప్పి మిగిలింది? ఇంట్లో అతనితో మాట్లాడ్డం మానేసింది ఎవరు? ఇవి తెలియకుండా మొదటి అధ్యాయం మొదలుపెట్టకండి.

చెప్పుకోడానికి వీలుగా ఒక మనిషిని అనుకుందాం. పేరు పైడిరాజు, నలభై ఆరేళ్లు, విజయనగరం దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లు జూట్ మిల్లులో వీవింగ్‌లో పని చేశాడు. లూమ్‌ల మోతలో పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి, లేదా పెదాల కదలిక, చేతి సైగ చూసి అర్థం చేసుకోవాలి. అందుకని ఇంట్లో కూడా అతని మాట అరుపే. కుడి చెవి సగం పోయింది. మిల్లు మూతపడితే రావాల్సిన డబ్బు ముక్కలుగా వచ్చింది. ఆ ముక్కలన్నీ పోగేసి, భార్య వద్దంటున్నా, కూతురు వద్దంటున్నా, ఒక తెలిసినవాడి వ్యాపారంలో పెట్టాడు. అది పోయింది.

ఇప్పుడు ఈ మనిషిని గోల్ఫ్ మైదానంలో పెట్టండి. ఆటగాడు బంతి ముందు నిలబడి కాళ్లు సర్దుకున్నాడంటే చుట్టూ ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు. అరిచి మాట్లాడ్డం అలవాటైన గొంతు అక్కడ తగ్గాలి. సగం చెవితో ఆటగాడు గొణిగింది కూడా వినాలి. అంటే పాత పని నుంచి ఒక లోపం కొత్త పనిలోకి వచ్చింది. అలాగే ఒక నేర్పు కూడా రావాలి. ఏళ్ల తరబడి నార వేళ్లతో తడిమి అది మేలుదో నాసిదో చెప్పినవాడికి గడ్డి చూస్తే, పాదంతో తొక్కితే ఏదో అర్థమవుతుంది. ఎవరి కథ రాసినా ఈ పద్ధతి పనికొస్తుంది: పాత పని నుంచి ఒక నేర్పు, ఒక లోపం. మూడోది వద్దు. అన్నీ కలిసొచ్చినట్టు రాస్తే చదివేవాడికి నమ్మకం పోతుంది.

మత్స్యకారుణ్ని తీసుకుంటే గాలి దొరుకుతుంది. తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కి నేల వేడయ్యాక సముద్రం మీంచి నేల మీదకి తిరుగుతుంది. ఉదయం ఆరింటికి ఒక హోల్‌లో వెనక నుంచి తోసిన గాలి పదింటికి ఎదురు గాలి కావచ్చు. ఆ మార్పు ఎప్పుడొస్తుందో పడవ మీద పుట్టినవాడికి ఒంటికి ముందే తెలుస్తుంది. ఈ ఒక్క సంగతి మీద రెండు అధ్యాయాలు నిలబడతాయి.

2. మైదానానికి వెళ్లండి, అడిగి వెళ్లండి

శ్రీకాకుళం నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, విజయనగరం నుంచి 60. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది, ప్రొఫెషనల్ టోర్నమెంట్లు కూడా జరిగిన మైదానం. క్లబ్బులు సభ్యులవి కాబట్టి గేటు దగ్గర నిలబడి తొంగి చూడకండి. మీరెవరో, ఏం రాస్తున్నారో ఒక ఉత్తరం రాసి ఇవ్వండి, లేదా తెలిసిన సభ్యుడితో వెళ్లండి. మీ నవలలో మైదానానికి మాత్రం వేరే పేరు పెట్టుకోండి. అప్పుడు ఏడో హోల్ పక్కన చెరువు కావాలంటే పెట్టుకోవచ్చు, ఎవరి మనసూ నొచ్చుకోదు.

ఆట చూడ్డానికంటే క్యాడీలు కూచునే చోటు చూడ్డానికి ఎక్కువ టైము ఇవ్వండి. ఎవరు ముందు వచ్చారు, వంతులు ఎలా వేస్తారు, క్యాడీ మాస్టర్ ఎవరిని ఎవరికి పంపిస్తాడు, బాగా టిప్ ఇచ్చే ఆటగాడు వస్తే అక్కడ ఏం జరుగుతుంది, టిఫిన్ ఎక్కడ తింటారు, చెప్పులా బూట్లా. మన దేశంలో చాలాచోట్ల క్యాడీకి నెల జీతం ఉండదు. రౌండ్‌కి (పద్దెనిమిది హోల్స్ ఆటకి) ఇంత అని క్లబ్ నిర్ణయించిన రేటు, పైన ఆటగాడి దయ. కొన్నిచోట్ల అనుభవాన్ని బట్టి గ్రేడులు ఉంటాయి. మీరు చూసిన చోట రేటెంతో కనుక్కుని అదే రాయండి, ఊహించి రాయకండి. డబ్బు లెక్క తప్పితే తక్కినదంతా అబద్ధంలా కనిపిస్తుంది.

మాట్లాడేటప్పుడు “మీ కష్టాలు చెప్పండి” అని అడగొద్దు. అలా అడిగితే ఎవరికైనా చెప్పే జవాబే మీకూ చెప్తారు. “మొన్న రౌండ్ దొరకని రోజు ఏం చేశారు?” అని అడగండి. “మీ మాట వినకుండా కొట్టి చెడగొట్టుకున్న సార్ తర్వాత ఏమన్నారు?” అని అడగండి. ఇలాంటి ప్రశ్నకి మనిషి లేచి నిలబడి, చేత్తో చూపించి మరీ చెప్తాడు. వాళ్ల టైముకి విలువ ఉందని మర్చిపోవద్దు. మీతో కూచుంటే ఒక వంతు పోతుందనుకుంటే ఆ రౌండ్ డబ్బు మీరివ్వండి. పేర్లు మార్చండి, ఊళ్లు మార్చండి, ఒకరి జీవితం మొత్తంగా ఎత్తి పెట్టకండి.

3. ఆట ఎంతవరకు నేర్చుకోవాలి

మీరు బాగా ఆడక్కర్లేదు. కానీ ఒక్కసారైనా నిండు బ్యాగ్ భుజాన వేసుకుని పద్దెనిమిది హోల్స్ నడవండి. మామూలుగా నాలుగు గంటల పైన పడుతుంది. బ్యాగ్ పది పదిహేను కిలోలు తూగుతుంది. పట్టీ ఎక్కడ కోస్తుందో, ఏ హోల్ దగ్గర భుజం మారుస్తారో అప్పుడే తెలుస్తుంది.

లెక్కలు కొన్ని కంఠతా రావాలి. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు దాటకూడదు. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు. బ్యాగ్‌లో క్లబ్బులు, అంటే బంతి కొట్టే కర్రలు, పద్నాలుగుకి మించకూడదు. బాగా ఆడేవాడు ఒక హోల్‌ని ఇన్ని దెబ్బల్లో ముగించాలని పెట్టిన లెక్క పార్. ఒకటి తగ్గితే బర్డీ, ఒకటి పెరిగితే బోగీ. దూరాలు గజాల్లో, అంటే యార్డుల్లో చెప్పుకుంటారు. ఈ కాసిని మాటలు పాఠకుడికి మెల్లమెల్లగా పరిచయమైతే చాలు.

అసలు బంగారం రూల్స్‌లో ఉంది. రూల్స్‌ని కథలుగా చదవండి.

జోడీగా ఆడని పోటీలో ఆటగాడు ఏ క్లబ్ వాడాలని సలహా అడగాలంటే తన క్యాడీనే అడగాలి. పక్కన ఆడుతున్న ప్రత్యర్థిని అడిగితే పెనాల్టీ. మైదానంలో అంతమంది ఉన్నా, అధికారంగా నోరు విప్పగలిగేది బ్యాగ్ మోసేవాడు ఒక్కడే. ఊళ్లో తన మాట ఎవరూ లెక్కచేయని మనిషికి ఈ రూల్ ఎలా వినిపిస్తుందో ఆలోచించండి.

క్యాడీ తప్పు చేస్తే శిక్ష ఆటగాడికి పడుతుంది. దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ 2001 బ్రిటిష్ ఓపెన్. ఇయాన్ ఊస్నమ్ చివరి రోజు మొదటి హోల్‌లో బర్డీ కొట్టి ఆధిక్యంలో ఉన్నవాళ్లతో సమానమయ్యాడు. రెండో హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటికి వచ్చాక బ్యాగ్‌లో పదిహేను క్లబ్బులు ఉన్నాయని క్యాడీ చూసుకున్నాడు. దూరం కొట్టడానికి వాడే డ్రైవర్ అనే క్లబ్ ఒకటి ఎక్కువ. రెండు దెబ్బల పెనాల్టీ. ఊస్నమ్ చివరికి మూడో స్థానంలో ఇంకొందరితో సమానంగా నిలిచాడు. లెక్కపెట్టడం క్యాడీ పని, కార్డు మీద రెండు అంకెలు పెరిగింది ఆటగాడికి. పైడిరాజు లాంటివాడికి ఈ సంగతి ఎవరైనా టీ తాగుతూ చెప్పారనుకోండి, ఆ రాత్రి అతనికి నిద్ర పట్టదు. తను పెట్టుబడి పెట్టి పోగొట్టిన డబ్బులో కూతురి చదువు కూడా ఉంది మరి.

2019లో వచ్చిన మార్పులు కూడా చూడండి. ఆటగాడు కొట్టడానికి నిలబడుతున్నప్పుడు క్యాడీ వెనక, బంతి గీతకి సూటిగా నిలబడి గురి సరిచూడ్డం అప్పటి నుంచి కుదరదు. పోయిన బంతిని వెతకడానికి టైము ఐదు నిమిషాల నుంచి మూడు నిమిషాలకి తగ్గింది. మూడు నిమిషాలంటే నవలలో మంచి సన్నివేశం. పొదల్లో వంగి వెతికే ఇద్దరు మనుషులు ఆ మూడు నిమిషాల్లో ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటారు? మామూలుగా అడగని ప్రశ్న ఆటగాడు అప్పుడు అడగొచ్చు, ముఖం చూడనక్కర్లేదు కాబట్టి.

4. ఒక్క దెబ్బని దగ్గర్నుంచి రాయండి

గోల్ఫ్ నవలల్లో విసుగు ఎక్కడ పుడుతుందంటే, రచయిత ప్రతి హోల్‌నీ వర్ణిస్తాడు. అలా వద్దు. నవల మొత్తంలో నాలుగైదు దెబ్బలు చాలు, వాటిని మాత్రం గడ్డిపోచ దాకా చూపించండి. నమూనాకి ఇది చూడండి. పైడిరాజు ఎవరి బ్యాగ్ మోస్తున్నాడో ఆ ఆటగాడి పేరు మూర్తి గారు.

ఏడో గ్రీన్ మీద మూర్తి గారి బంతి హోల్‌కి పదడుగుల్లో ఆగింది. పైడిరాజు ఫ్లాగ్ తీసి బంతి వెనక గొంతుక్కూచున్నాడు. అక్కణ్నుంచి గడ్డి ముదురుగా, మెరుపు లేకుండా కనిపించింది. లేచి చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి చూశాడు. అదే గడ్డి తెల్లగా మెరిసింది. హోల్ అంచు అవతల పదునుగా ఉంది, బంతి వైపు చిట్లి ఎండింది. గడ్డి బంతికి ఎదురు పెరుగుతోంది.

“కొంచెం గట్టిగా, సార్.”

మూర్తి గారు తల తిప్పలేదు. ఆ మాట ఆయనకి వినపడలేదు. లూమ్ పక్కన అరిచిన గొంతుని ఈ నెల్లాళ్లలో ఎంత తగ్గించుకున్నాడో పైడిరాజుకే తెలీదు. ఇంకోసారి చెప్పడానికి టైముంది. మూర్తి గారు కాళ్లు సర్దుకుంటున్నారు. పైడిరాజు నోరు తెరిచి మూసేశాడు.

బంతి రెండడుగుల ముందే ఆగిపోయింది.

“అదేంటయ్యా, చెప్పలేదే?”

“చెప్పాను సార్.”

“నాకు వినపడేలా చెప్పాలి కదా.”

ఇందులో మీరు గమనించాల్సినవి రెండు. గడ్డి పెరిగే దిక్కుని బట్టి బంతి వేగం మారుతుందన్నది నిజమైన విద్య. బెర్ముడా రకం గడ్డి గ్రీన్స్ మీద ఇది బాగా తెలుస్తుంది. గడ్డి వాలిన వైపే చూస్తే మెరుస్తుంది, ఎదురు నుంచి చూస్తే మొద్దుగా ఉంటుంది. హోల్ అంచులో ఎండి చిట్లిన వైపు గడ్డి వాలిన వైపు. ఈ వివరాన్ని పాఠం చెప్పినట్టు చెప్పకుండా పైడిరాజు కళ్లతో చూపించాం. రెండోది, ఆ దెబ్బలో పోయింది మూర్తి గారి ఒక స్ట్రోకే, అయినా పాఠకుడికి పైడిరాజు ఇంట్లో జరిగింది గుర్తొస్తుంది. అక్కడ అతను ఎవరి మాటా వినలేదు, ఇక్కడ అతని మాట ఎవరికీ వినపడలేదు. ఈ పోలికని మీరు వాక్యంలో పెట్టి చెప్పకండి. చెప్తే చచ్చిపోతుంది.

5. ఆటగాణ్ని దేవుణ్ని చేయకండి

ఈ తరహా కథల్లో నాకు బొత్తిగా నచ్చనిది ఒకటుంది: డబ్బున్న మంచి మనిషి వచ్చి పేదవాడి అప్పు తీర్చి, కూతురికి సీటు ఇప్పించి వెళ్లిపోవడం. అప్పుడు నవల ఆ ఉదారుడిది అవుతుంది, క్యాడీ చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది.

మూర్తి గారిని రిటైరైన బ్యాంకు మేనేజరుగా అనుకోండి. మంచివాడే, కానీ తన మంచితనం తనకి బాగా తెలిసినవాడు. పైడిరాజుని “ఏమయ్యా” అంటాడు, పైడిరాజు ఆయన్ని “సార్” అంటాడు. మూడు వందల పేజీలు గడిచినా ఈ పిలుపులు మారకపోవచ్చు, అదే నిజం. మారాల్సింది వేరే ఉంది. మొదట్లో మూర్తి గారు చెయ్యి చాపి క్లబ్ పేరు చెప్తాడు. కొన్నాళ్లకి చెయ్యి చాపి ఊరుకుంటాడు, ఏ క్లబ్ ఇవ్వాలో పైడిరాజే తేల్చుకుంటాడు. ఆ చిన్న మార్పే వాళ్లిద్దరి మధ్య నడిచిన కథ. దానికి నెలలు పట్టినట్టు రాయండి.

క్యాడీ అంటే మగవాడే అని కూడా అనుకోకండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆమె బ్యాగ్ మోసింది వాళ్లమ్మే. మిల్లు కార్మికుడి భార్యో కూతురో ఆ పనిలోకి వెళ్తే నవల ఇంకో దారి పడుతుంది. ఇంట్లో మాటలు, ఊళ్లో మాటలు, మైదానంలో చూపులు మూడూ మారతాయి. ఆ నవల ఎవరైనా రాస్తే నేను మొదట కొని చదువుతాను.

6. ఇల్లు, రైలు, వాన

మైదానం పచ్చగా ఉంటుంది కాబట్టి రచయిత అక్కడే ఉండిపోతాడు. సగం నవల ఇంట్లో, దారిలో జరగాలి. తెల్లారకుండా లేచి రైలు పట్టుకుని విశాఖ వెళ్లే విజయనగరం మనిషికి రోజుకి ఎన్ని గంటలు ప్రయాణంలో పోతాయి? లేదా వారమంతా విశాఖలో నలుగురితో గది పంచుకుని ఆదివారం రౌండ్లయ్యాక ఇంటికొస్తాడా? శని ఆదివారాలే ఎక్కువ ఆటలు ఉంటాయి కాబట్టి పెళ్లిళ్లూ పండగలూ అతనికి ఉండవు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం వస్తుంది. ఆరోజు విజయనగరం అంతా రోడ్ల మీద ఉంటే, పైడిరాజు ఊళ్లో ఉన్నాడా, విశాఖలో మూర్తి గారి బ్యాగ్ పట్టుకున్నాడా? అమ్మవారి పేరు పెట్టుకున్నవాడు ఆ రోజు పనికి వెళ్లాడంటే ఇంటి పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

వాన పడితే ఆట లేదు, ఆట లేకపోతే డబ్బు లేదు. తుపాను హెచ్చరిక వస్తే ఎన్ని రోజులు పోతాయో చెప్పలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు ఊళ్లో చెట్లు వేలల్లో నేలకొరిగాయి. మీ కథా కాలం అప్పటిదైతే ఆ తర్వాత మైదానంలో పని అంటే కొమ్మలు ఎత్తడం, మట్టి సర్దడం. క్యాడీలు అది కూడా చేశారా, కూలి ఎవరిచ్చారు? అడిగి తెలుసుకుని రాయండి.

డబ్బు చేతికొచ్చిన సాయంత్రం ఒకటి తప్పకుండా రాయండి. ఆ నోట్లు ఎన్ని, అందులో వడ్డీకి ఎంత, ఇంటికి ఎంత, కూతురి ఫీజుకి ఎంత. లెక్క చెప్పేది భార్య అయితే బాగుంటుంది, ఎందుకంటే ఒకసారి అతని లెక్క తప్పింది.

7. టోర్నమెంటు గెలిపించాలా?

ఇదే పెద్ద ఆశ. క్యాడీగా మొదలై గెలిచినవాళ్లు నిజంగానే ఉన్నారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడే. 2009లో అదే పోటీ గెలిచిన మునియప్ప బెంగళూరులో బ్యాగులు మోస్తూ ఆట నేర్చుకున్నాడు. 2016, 2017ల్లో వరసగా గెలిచిన ఎస్‌.ఎస్‌.పి. చౌరాసియా తండ్రి కోల్‌కతాలో గోల్ఫ్ మైదానం గడ్డి చూసుకునే పనిలో ఉండేవాడు. వీళ్ల జీవితాలు గొప్పవి. కానీ వాళ్లు చిన్నప్పుడే క్లబ్ పట్టుకున్నారు. నలభై ఆరేళ్ల పైడిరాజు చేత ట్రోఫీ ఎత్తించారంటే మీరు అతని కథ వదిలేసి మన కోరిక రాశారన్నమాట.

పోటీ పెట్టండి, తప్పులేదు. క్లబ్‌లో సభ్యుల పోటీ ఒకటి చాలు. చివరి హోల్ దగ్గర పైడిరాజుకి ఒకటి తెలియాలి, మూర్తి గారికి ఇంకోటి అనిపించాలి. ఈసారి పైడిరాజు వినపడేలా చెప్తాడు. మూర్తి గారు విన్నా వినకపోయినా, గెలిచినా ఓడినా, నవలకి కావాల్సింది జరిగిపోయింది. నాకైతే ఆయన విని ఓడిపోవడమే ఇష్టం. అప్పుడు పైడిరాజు తన మాట మీద నిలబడాలి, సాకు చెప్పకుండా. ఏళ్ల కింద డబ్బు పోయినప్పుడు అతను చేయనిది అదే.

పద్దెనిమిది హోల్స్ ఉన్నాయి కదాని పద్దెనిమిది అధ్యాయాలు పెట్టాలన్న ఆలోచన అందరికీ వస్తుంది. చాలామటుకు అది రచయితని కట్టేస్తుంది, నాలుగో హోల్‌లో చెప్పడానికి ఏమీ లేకపోయినా ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఒక ఏడాది తీసుకోండి. ఎండాకాలం మొదలై, వానలు దాటి, శీతాకాలంలో ఆటలు జోరుగా సాగేదాకా. అధ్యాయాలు ఎన్నన్నా కానివ్వండి.

8. భాష

కథనం మామూలు వ్యావహారికంలో ఉంచి, సంభాషణల్లో ఉత్తరాంధ్ర యాస రానివ్వండి. యాస ఎంత వాడాలన్నది మనిషిని బట్టి మారుతుంది. మూర్తి గారికి ఉండదు, కూతురికి కాలేజీలో ఒకలా ఇంట్లో ఒకలా ఉంటుంది. భార్య మాట మాత్రం నిండుగా ఉండాలి.

“ఏటీ, ఈయేళ బేగొచ్చీసినావు?”

“వోన పడింది. ఆట నేదు.”

“ఆట నేకపోతే డబ్బుల్నేవా?”

అంతే, ఇంక రెండో వాక్యం అక్కర్లేదు. యాస రాయడం ఎలాగో నేర్చుకోవాలంటే మన ప్రాంతపు కథలు చదవడం ఒక్కటే మార్గం. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మొదలుపెట్టిన కథానిలయం ఉంది. పాత పత్రికల్లో వచ్చిన తెలుగు కథలు అక్కడ పోగేసి ఉన్నాయి. కూలీల మీద, మిల్లుల మీద, వలసల మీద మనవాళ్లు ఎలా రాశారో కూచుని చదవండి. విజయనగరం చాసో కథల్లో ఎంత తక్కువ మాటల్లో పని జరుగుతుందో చూడండి. అనుకరించడానికి వద్దు, మీ వాక్యంలో కొవ్వు ఎక్కడుందో తెలుసుకోడానికి.

గోల్ఫ్ మాటలకి తెలుగు మాటలు పుట్టించకండి. క్యాడీలు బంకర్‌ని బంకర్ అనే అంటారు, వెడ్జ్‌ని వెడ్జ్ అనే అంటారు. మాట మొదటిసారి వచ్చినప్పుడు దాంతో ఏదో ఒక పని చేయించండి, అర్థం దానంతటదే తెలుస్తుంది. పైడిరాజు బంకర్‌లోంచి రేక్‌తో ఇసక సాపు చేసుకుంటూ వెనక్కి నడిస్తే బంకరంటే ఏంటో వేరే చెప్పాలా?

9. రాయడం, దిద్దడం

మొదటి ముసాయిదా ఆట గురించి ఆగి ఆగి చూసుకోకుండా రాసేయండి. సందేహం వచ్చినచోట ఒక గుర్తు పెట్టి ముందుకెళ్లండి. అయ్యాక ఇద్దరితో చదివించండి. ఒకరు గోల్ఫ్ అంటే ఏంటో తెలియనివాళ్లు. వాళ్లు ఎక్కడ పేజీ తిప్పేశారో అడగండి, అక్కడ ఆట ఎక్కువైంది. రెండోవారు క్యాడీ పని చేసినవాళ్లు. చదవడం అలవాటు లేకపోతే మీరే చదివి వినిపించండి. ఎక్కడ నవ్వారో, ఎక్కడ “అలా ఉండదు సార్” అన్నారో అక్కడే రాసుకోండి. వాళ్లు అభ్యంతరం చెప్పిన చోట వాదించకండి.

చివరి దిద్దుబాటు పూర్తిగా లెక్కల పని. ఖాళీ స్కోర్ కార్డు ఒకటి సంపాదించి, నవలలో వచ్చిన ప్రతి రౌండ్‌నీ దాని మీద నింపండి. ఎనిమిదో హోల్‌లో రెండు పెనాల్టీ దెబ్బలు పడ్డాయని రాసి, చివర్లో మొత్తం కూడినప్పుడు అవి మర్చిపోవడం మామూలే. ఉదయం గాలి ఎటు వీచింది, మధ్యాహ్నం ఎటు తిరిగింది సరిచూడండి. బ్యాగ్‌లో క్లబ్బులు లెక్కపెట్టండి, పద్నాలుగు దాటకూడదు. రైలు టైములు కథ జరిగిన సంవత్సరానివేనా చూడండి. అప్పు మొదటి అధ్యాయంలో ఎంతో, నెలనెలా తీర్చింది ఎంతో, చివరి అధ్యాయంలో ఇంకా మిగిలింది ఎంతో ఒక కాగితం మీద వేయండి. ఆ మిగిలిన అంకె సున్నా అయితే మాత్రం ఇంకోసారి ఆలోచించండి. క్యాడీ సంపాదనతో ఒక్క ఏడాదిలో అంత అప్పు తీరదు.